ఉప్పూ ఎండా

మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు పోయిన ఆదివారం ఒక మీటింగు పెట్టారు. వాచ్‌మన్ భార్య డాబా మీద చేపలు ఎండబెడుతోందట, కంపు భరించలేకపోతున్నారట. మీటింగు జరిగింది కింద కార్ల మధ్యన. అయినా రెండో అంతస్తు ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. మామూలుగా ఇలాంటి చోట్ల నేను నోరు తెరవను. ఆ రోజు మాత్రం, "అది ఎండు చేపల వాసన కాదండీ, సరిగ్గా ఎండని చేపల వాసన. ఉప్పు తక్కువేసినట్టుంది. నేను చెబుతాలెండి ఆ అమ్మాయికి," అన్నాను. అందరూ నన్ను కొత్తగా చూశారు. నన్ను చూడ్డం జనానికి ఎప్పుడూ ఇష్టమే కాబట్టి నేనేమీ అనుకోలేదు.

సాయంత్రం ఎండ పూర్తిగా దిగాక డాబా ఎక్కాను. ఎండ ఉండగా నేను ఎక్కను. మొన్ననే చర్మం డాక్టరుగారు నా కణత మీద ఒక మచ్చని చల్లటి మందుతో కాల్చారు, అక్కడింకా చురచురలాడుతోంది. ఆరు నెలలకోసారి ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి, చెవుల వెనకా మెడ మీదా ముంజేతుల మీదా వెతుకుతారు. నేను పుట్టుకతోనే తెల్లదాన్ని. చర్మానికీ జుట్టుకీ రంగునిచ్చేది నా ఒంట్లో తయారు కాదు. కళ్లు నిలకడగా ఉండవు, దూరం ఆనదు, వెలుతురు పడదు. దాన్ని ఆల్బినిజం అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకు ముందు మా ఊళ్లో దానికి చాలా పేర్లుండేవి.

డాబా మీద పాత చీర పరిచి నెత్తళ్లు పోసి ఉన్నాయి. ఒకటి తీసి వంచి చూశాను. విరగలేదు, వంగింది. లోపల తడి ఉంది. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి నాకు కడుపులో ఆకలీ దుఃఖమూ ఒకేసారి లేచాయి. ఎన్నేళ్లయినా ఆ రెండూ నాకు విడిగా రావు.

మా ఊరు బందరుకి అవతల. బస్సు దిగి, ఉప్పుటేరు పడవ మీద దాటి, సరుగుడు తోటల్లోంచి ఇసకలో నడవాలి. ఇప్పుడు తారు రోడ్డు వేశారు, కారులోనే వెళ్లొచ్చు, కానీ వెళ్లి చూడ్డానికి అక్కడేమీ లేదు. కొంత రొయ్యల చెరువులయింది, కొంత సముద్రంలో కలిసింది. చేపలు ఎండబెట్టే మెరక ఎక్కడుండేదో చూపించమంటే నేను చూపించలేను.

ఆ మెరక మీదే మా బతుకంతా. మగవాళ్లు తెల్లవారుజామునే వేటకి వెళ్లి తెచ్చిన వాటిలో మేలైనవి ఐసు పెట్టెల్లో బందరుకీ విజయవాడకీ వెళ్లిపోయేవి. మిగతావన్నీ ఆడవాళ్ల చేతికొచ్చేవి. వాటి పొట్ట చీరి, కడిగి, తొట్లలో ఉప్పు పట్టించి, మర్నాడు సముద్రపు నీళ్లలో జాడించి, పాత వలల మీద పరిచేవాళ్లు. సావిడాయలు మాత్రం పొడుగ్గా బెల్టుల్లా ఉంటాయి కాబట్టి తాళ్ల మీద వేలాడదీసేవాళ్లు. ఎండ బాగా ముదిరిన వేళకి ప్రతి చేపనీ తిరగెయ్యాలి. ఆ వేళ తప్పితే లోపల తడి నిలిచిపోయి పురుగు పడుతుంది. అందుకని మధ్యాహ్నం ఊరంతా నీడ చూసుకునే సమయంలో మా ఆడవాళ్లు ఇసక మీద ఉండేవాళ్లు. పిల్లలకి కర్రలిచ్చి కాకుల్నీ కుక్కల్నీ తోలమనేవాళ్లు.

మెరక మీద రాజ్యం మా నాయనమ్మది. వంచి చూడకుండా, వాసన పీల్చి చేప ఎంత ఎండిందో చెప్పేది. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. అమ్మ ఆవిడకి కోడలే కాదు, మనవరాలు కూడా. నాన్న అమ్మకి సొంత మేనమామ. మా ఊళ్లో చాలా పెళ్లిళ్లు అలాంటివే. ఆ పెళ్లికీ మా రంగుకీ సంబంధం ఉంటుందని మాకెవరు చెబుతారు? చెప్పినా నాయనమ్మ వాళ్లని మెరక మీంచి తరిమేసేది. అమ్మ గ్రహణం రోజు బయట తిరిగిందని ఒకరు, కడుపుతో ఉండగా వెన్నెట్లో పడుకుందని ఒకరు అనేవాళ్లు. నాయనమ్మ దేన్నీ ఒప్పుకునేది కాదు. "నా మనవరాళ్లని గంగమ్మ నీళ్లలో జాడించి పంపింది. మీ పిల్లల్ని కడక్కుండానే పంపింది," అనేది.

మనవరాళ్లు అంటే ఇద్దరం. అక్కా నేనూ. ఒకే ఇంట్లో ఇద్దరు తెల్లపిల్లలు. అక్క నాకన్నా బాగా పెద్దది. నేను పలక పట్టేనాటికే తను ఓణీ వేసుకుంది.

వేట బాగా పడ్డన్నాళ్లూ ఊళ్లో మా మర్యాదే వేరు. కొత్త వల మొదటిసారి నీళ్లలో వేసేముందు అక్క చేత ముట్టించుకుని వెళ్లేవాళ్లు. అక్క ఓణీ నడుముకి దోపుకుని, పెళ్లి పెద్దలా వెళ్లి ముట్టి వచ్చేది. వరసగా ఉత్త వలలు వచ్చినప్పుడు మాత్రం పొద్దున్నే మేమిద్దరం గుమ్మంలో కనబడకూడదు. ఒకసారి ఒకాయన మమ్మల్ని చూసి థూ అని ఉమ్మి వెనక్కి తిరిగాడు. నాయనమ్మ చీపురు పట్టుకుని ఆయన్ని పడవ దాకా తరిమింది. "నీకు వల వెయ్యడం సేతగాక నా పిల్లల మీద పడి ఏడుస్తావంట్రా!" అని అరుస్తుంటే, సముద్రం మీదున్నవాళ్లకి కూడా వినిపించి ఉంటుంది.

పగలు మాకు సగం బతుకే. కళ్లు చికిలించుకుని, చేతులు అడ్డం పెట్టుకుని తిరిగేవాళ్లం. పొద్దుగూకితే చాలు, ఊళ్లో పిల్లలకన్నా మేమే చురుకు. రొయ్యపొట్టు వేయించి నాయనమ్మ ఉట్టి మీద కుండలో దాచేది. దీపాలు పెట్టే వేళ ఆవిడ పక్కింటికి వెళ్లగానే అక్క నన్ను భుజాల మీద ఎక్కించుకునేది. నేను పిడికిళ్లతో తీసి ఒళ్లో పోసేదాన్ని. తిన్నాక వాసన పోవాలని జామాకులు నమిలేవాళ్లం. నాయనమ్మ వచ్చి, "నోళ్లు తెరవండే," అని ఇద్దరి నోళ్లూ వాసన చూసి, "జామాకులు దేనికి నమిలార్రా? కడుపులో నొప్పా?" అని అడిగేది. ఔననేవాళ్లం. కడుపులో నొప్పికి ఆముదం తాగించేది.

మా చిన్నాన్న పెళ్లికి అక్క ఒక ఉపాయం పన్నింది. పొయ్యిలో బొగ్గు మెత్తగా నూరి, కొబ్బరినూనెలో కలిపి, ఇద్దరి జుట్టుకీ కనుబొమలకీ పట్టించింది. దీపాల వెలుగులో మేము అందరిలాంటి పిల్లలమై పందిట్లో తిరిగాం. ఒక పెద్దావిడ నన్ను పట్టుకుని, "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కాసేపటికి చెమట పట్టి, నల్లటి నూనె మెడల మీంచి కొత్త బట్టల మీదికి కారింది. నాయనమ్మ మమ్మల్ని దొడ్లోకి ఈడ్చుకెళ్లి కుంకుడుకాయలతో తోమింది. కళ్లలో నురగ పడి నేను ఏడుస్తుంటే అక్క ఒకటే నవ్వు. "కాసేపన్నా మనల్నెవరూ సూడలేదే చిన్నీ!" అంది.

అక్క చదువు మూడో తరగతితో ఆగిపోయింది. బోర్డు మీద రాసింది కనపడదని ఎవరికీ తట్టలేదు, మొద్దు అనుకున్నారు. నా అదృష్టం, నా వేళకి ఒక కొత్త టీచరుగారు వచ్చారు. బందరు నుంచి రోజూ వచ్చేవారు. నీచు ముట్టని ఇల్లు. మెరక దాటేదాకా పైట చెంగు ముక్కు మీంచి తీసేవారు కాదు. దాటాక దీర్ఘంగా ఊపిరి పీల్చుకుని బళ్లోకి వచ్చేవారు. మేము ఆవిడ నడకని అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఆవిడే నన్ను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. బోర్డు మీద రాసిందంతా నా పలక మీద లావు అక్షరాలతో మళ్లీ రాసేవారు. తలని ఒక పక్కకి వంచితే నా కళ్లు కాస్త నిలుస్తాయని కనిపెట్టి, "నీకెలా కనపడితే అలా పెట్టుకో తల, ఎవరన్నా నవ్వితే నాకు చెప్పు," అన్నారు.

చదువు లేని అక్క మెరక మీదికి వెళ్లింది. వేరే దారేముంది? తిరగెయ్యడం, ఏరడం, మూటలు కట్టడం. చూపు ఆనకపోయినా వేళ్లతోనే నెత్తళ్లలోంచి రొయ్యపొట్టు విడదీసేది. ఎండకి అక్క మొహం కందేది, పొక్కేది, పొరలు ఊడేది, మళ్లీ కందేది. నాయనమ్మ కొబ్బరినూనె రాసేది. అంతకు మించి ఎవరికేం తెలుసు?

ఒక ఏడు చలికాలంలో అక్క కుడిచెవి పై అంచున ఒక చిన్న పుండు లేచింది. మెరక మీద పుండు లేని మనిషి లేదు. ఉప్పులో చేతులు పెట్టేవాళ్లకి వేళ్ల సందుల్లో, పెదాల మీద, చేప ముల్లు గీసుకున్నచోట ఉప్పు పుళ్లు లేస్తాయి. కొన్నాళ్లకి వాటంతటవే మానతాయి. ఉప్పు చేత్తో చెవి గోక్కుని ఉంటుందిలే అనుకున్నారు. పసుపు పెట్టారు. అది మానినట్టే మాని మళ్లీ పచ్చిగా అయ్యేది.

ఎండలు మొదలయ్యేవేళ బందరులో కళ్ల శిబిరం పెట్టారని టీచరుగారు మా ఇద్దర్నీ తీసుకెళ్తానన్నారు. నాయనమ్మ తోడొచ్చింది. ఆ డాక్టరు చిన్న వయసువాడు. నా కళ్లు చూశాడు, అక్క కళ్లు చూశాడు, అద్దాలిస్తే కొంత నయం కానీ పూర్తిగా బాగవదన్నాడు. తర్వాత అక్క జుట్టు చెవి మీంచి పక్కకి తీసి, ఆ పుండు చుట్టూ వేలితో నొక్కి చూశాడు.

"ఇది ఎప్పట్నించి ఉంది?"

"ఉప్పు పుండు బాబుగారూ," అంది నాయనమ్మ, తన రెండు చేతులూ చాపి చూపిస్తూ. "మా అందరికీ ఉంటయ్యి. ఇయ్యిగో."

"మీవి మానతాయి కదమ్మా. ఇది మానిందా?"

నాయనమ్మ చాపిన చేతులు కొంగు కిందికి లాక్కుంది. ఆయన టీచరుగారివైపు తిరిగాడు. "వీళ్లని వెంటనే విజయవాడ తీసుకెళ్లమనండి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. వీళ్ల చర్మం ఎండకి తట్టుకోదు. ఈ చిన్నమ్మాయిని కూడా ఇకనుంచి ఎండలో తిప్పొద్దు."

ప్రాణం అన్న మాట అక్క విన్నది, నేనూ విన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్క సీటు నాకివ్వలేదు. ఎండ అటు పడుతోందని తనే అటు కూర్చుంది.

ఆ సాయంత్రం టీచరుగారు నాన్నకి అంతా చెప్పారు. అప్పుడే సావిడాయలు విరగబడి పడుతున్నాయి. ఏడాదిలో అదొక్కటే గట్టి పంట మాకు. నాన్న చేతులు కట్టుకుని, నేల చూస్తూ విన్నాడు. "ఈ సావిడాయలు తగ్గనివ్వండి టీచరుగారూ. తొలకరికి ముందే తీసుకెళ్తాను," అన్నాడు. నాన్నకి అక్కంటే ప్రాణం. అయినా చెవి మీద చిటికెడు పుండు మనిషిని చంపుతుందంటే, సముద్రం చంపడం మాత్రమే చూసిన మనిషి ఎలా నమ్ముతాడు?

విజయవాడ వెళ్తే కత్తి పెడతారని నాయనమ్మ భయం. కత్తి పెడితే పుండు పాకుతుందని ఆవిడ నమ్మకం. కాబట్టి ఆ లోపల తనే బాగుచేస్తానని పూనుకుంది. ఆవిడకి తెలిసిన విద్య ఒకటే. "కుళ్లేది లోపల తడుండబట్టే. ఉప్పు పట్టించి బాగా ఎండనిస్తే మాంసం సెడదు. నా బతుకంతా సూశాను," అంది.

రోజూ ఎండ ముదిరే వేళకి అక్కని బోర్లించిన తొట్టి మీద కూర్చోబెట్టేది. జుట్టు ఎడమవైపుకి దువ్వి ముడేసి, సముద్రపు నీళ్లలో ఇంకాస్త ఉప్పు కలిపి ఆ పుండు కడిగేది. తర్వాత చెవిని సూర్యుడి వైపు తిప్పి కూర్చోమనేది. అక్క కళ్లకి వెలుతురు పడదని తన పైట కొంగు చాపి మొహానికంతా నీడ పట్టేది, చెవి ఒక్కటీ వదిలేసి. అంతసేపు చేతులు చాపి నిలబడితే ఆవిడకీ భుజాలు లాగేవి. మంటకి అక్క తొట్టి అంచు గట్టిగా పట్టుకునేది. "ఓర్సుకో నా తల్లీ, కాస్త ఓర్సుకో, ఆరిపోద్ది," అంటూ నాయనమ్మ కూడా ఏడ్చేది. నా జీవితంలో అంత ప్రేమగా ఎవరైనా ఎవరికైనా సేవ చెయ్యడం నేను మళ్లీ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కొన్నాళ్లకి పుండు చెక్కు కట్టింది. నాయనమ్మ సంబరం చూడాలి. అందర్నీ పిలిచి చూపించింది. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. డాక్టర్లకేం తెలుసని మెరక మీద ఒకటే కబుర్లు. ఆ చెక్కు కింద అది లోపలికి తొలుచుకుపోతోందని ఎవరికీ తెలియలేదు.

శిబిరం నుంచి వచ్చిన మర్నాడే అక్క నా చేతిలో కర్ర లాక్కుంది.

"ఇయ్యాల్టినించి కాకుల్ని నేను తోలతా. నువ్వు బడి వదిలాక ఇంట్లోనే ఉండు."

"నీకు కాకులు కనపడవుగా."

"ఇనపడతయ్యిగా."

"డాక్టరు నీక్కూడా ఎండ వద్దన్నాడుగా అక్కా."

"ఇద్దరం లోపల కూసుంటే మెరక మీద ఎవరుంటారే? నాకు సదువెట్టాగూ రాలా. నీకు వచ్చేట్టుంది. పో లోపలికి."

నేను గొడవ చేశాను. కాకుల్ని తోలడం నాకు ఇష్టం, అందులో ఆట ఉంది. అక్క నా వీపు మీద ఒకటి చరిచి లోపలికి తోసి తలుపు గొళ్లెం పెట్టింది. తాడుకి రేకు డబ్బాలు కట్టి, కాకి అరిచిన వైపల్లా లాగుతూ, ఆ సీజనంతా నా పనీ తన పనీ కలిపి చేసింది. నేను చీకటి గదిలో తలుపు సందులోంచి వచ్చే గీత వెలుతుర్లో ఎక్కాలు చదువుకున్నాను. బయట డబ్బాల చప్పుడు వినపడుతుండేది.

ఒకరోజు అక్క నాకు బడికి అన్నం తెచ్చింది. టీచరుగారు దగ్గరికి పిలిచి మెడ మీద చెయ్యి వేసి చూశారు. చెవి కింద గోలీకాయంత గడ్డ ఒకటి తగిలింది. ఆవిడ సుద్దముక్క కింద పారేసి, చెప్పులు కూడా వేసుకోకుండా, మెరక మీదికి నడిచారు. ఆ రోజు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకోలేదు. నాన్న వలలు బాగుచేసుకుంటున్నాడు.

"మీ సావిడాయలు వచ్చే ఏడు కూడా వస్తాయి. ఈ పిల్ల వస్తుందా? రేపు పొద్దున్న బస్సుకి మీరు రాకపోతే నేనే తీసుకుపోతాను. ఆపండి చూద్దాం నన్ను!"

మా నాన్నతో ఆ గొంతుతో మాట్లాడిన ఆడమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. మర్నాడు అందరం బస్సెక్కాం. నన్ను కూడా డాక్టరుకి చూపించాలని టీచరుగారు పట్టుబట్టారు. అమ్మ మాత్రం ఉండిపోయింది. తొట్లలో చేపలున్నాయి, వదిలి రావడానికి లేదు.

విజయవాడలో టీచరుగారి అమ్మగారి ఇల్లు కాలవ పక్క సందులో ఉండేది. వెనక గది మాకిచ్చారు. పెద్ద ఆసుపత్రిలో అక్క చెవి తీసేశారు. మెడలో గడ్డలు తీశారు. ఆ తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్ని మావాళ్లు అలాగే అనేవాళ్లు. అక్క మెడ కమిలి, నోరంతా పూసి, అన్నం మింగుడు పడేది కాదు. డాక్టరుగారు నాన్నకీ నాయనమ్మకీ నెమ్మదిగా చెప్పారు.

"ముందే వచ్చి ఉంటే చెవితోనే పోయేది. ఇప్పుడు లోపలికి పాకింది. మేము చెయ్యగలిగింది చేస్తాం."

"ఏం సేస్తే వచ్చింది బాబుగారూ ఇది?" అని అడిగింది నాయనమ్మ.

"ఎండే అమ్మా. ఈ పిల్లల ఒంటికి ఎండ నిప్పుతో సమానం."

నాయనమ్మ తన చేతులకేసి చూసుకుంది. "మరి నేను ఎండలోనే పెట్టానే," అంది.

ఆయనకి అర్థం కాలేదు. "ఏంటమ్మా?" అన్నారు. నాన్నకి అర్థమైంది. ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒక్క మాట అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. నాయనమ్మ ఆ తర్వాత చేప వాసన చూసి ఎండిందో లేదో చెప్పడం మానేసింది. ఎండు చేప నోట్లో కూడా పెట్టలేదు.

అక్కకి ఎండు చేపల మీదే మనసు. ఆ ఇంట్లో పెరుగన్నం, చారు, మెత్తగా ఉడికిన కూరలు పెట్టేవాళ్లు, ఎంతో ఆదరంగా. అక్క రెండు మెతుకులు నోట పెట్టుకుని పక్కకి తిరిగేది. అమ్మ ఎవరిచేతో డబ్బాలో నెత్తళ్ల వేపుడు పంపింది. మూత తియ్యగానే ఇల్లంతా ఆ వాసన కమ్మేసింది. మేము హడలిపోయి డబ్బా మంచం కిందికి తోశాం. టీచరుగారి అమ్మగారు, మడి కట్టుకునే మనిషి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆ పిల్ల ఏమన్నా తిందా?"

"రెండు ముక్కలు తిన్నదండి," అంది నాయనమ్మ తలొంచుకుని.

"తిననియ్యండి. వంటింటి వైపు తలుపు మాత్రం వేసుకోండి," అని ఆవిడ వెళ్లిపోయారు. ఇప్పటికీ పెద్దమనిషి అంటే నాకు ఆవిడే గుర్తొస్తారు.

కాస్త ఓపిక ఉన్న సాయంత్రాలు అక్కా నేనూ కాలవ గట్టు మీదికి వెళ్లేవాళ్లం. తలకి కట్టు కనపడకుండా ఓణీ చుట్టుకునేది. వీధి దీపాలు వెలిగేవి. "ఈ ఊళ్లో పొద్దుగూకాక కూడా అందరూ తిరుగుతున్నారే. మనకి బాగుంటది," అనేది. బజ్జీల బండి దగ్గర ఆగి వాసన పీల్చేది, నాకు కొనిపించి నేను తింటుంటే చూసేది. ఒకరోజు ఉన్నట్టుండి నా మొహం రెండు చేతుల మధ్య పెట్టుకుని చెవుల అంచులు తడిమింది. ఒక చెవి, తర్వాత రెండోది, చాలాసేపు. "ఏం లేదులే," అంది. "నాకు సచ్చిపోవాలని లేదే," అని అప్పుడు అంది. అప్పటికి నాకు ఏడుపు రాలేదు. మిగిలిన బజ్జీ తినేశాను.

చలికాలం తిరిగొచ్చేసరికి అక్క మంచం దిగడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలోనే పోయింది. నాయనమ్మ అక్క పాదాలు పట్టుకుని కూర్చుని ఉంది. నాన్న బయటికి వెళ్లి వ్యాను మాట్లాడుకొచ్చాడు.

అక్కని దుప్పటి చుట్టి వెనక పడుకోబెట్టారు. ఒక పక్క నాన్న, ఇంకో పక్క కొంగు మొహం మీదికి లాక్కుని నాయనమ్మ. నేను డ్రైవరు పక్కన, తలకి తువ్వాలు చుట్టుకుని, వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఉయ్యూరు దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలింది. ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్లు రోడ్డంతా నిండిపోయి వ్యాను ఆగిపోయింది. బెల్లం పాకం లాంటి వాసన లోపలికి వచ్చింది. ఆ వాసనకి నోట్లో నీళ్లూరినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒక ముసలాయన, బండి తోలుకొచ్చిన మనిషి, ఎద్దుల్ని నిలిపి మా వ్యాను కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపలికి తొంగి చూశాడు. దుప్పటి తల దగ్గర జారి అక్క జుట్టు బయటికి వచ్చి ఉంది.

"ఎవరు బాబూ? అమ్మగారా?" అన్నాడు.

నాన్న తలెత్తి ఆయన్ని చూశాడు. "ఆ," అన్నాడు.

"తల ముగ్గుబుట్టైపోయింది. పెద్ద వయసే."

"అవునండీ."

"మనవల్ని ఎత్తుకుందా?"

"ఎత్తుకుందండీ."

"మునిమనవల్ని?"

"వాళ్లని కూడా ఎత్తుకుందండీ."

"ఇంకేం కావాలి బాబూ? నిండుగా బతికి ఎల్లిపోయింది. ఇట్టాంటి సావుకి ఏడవగూడదు," అని, ఆ జుట్టుకి దణ్ణం పెట్టి, ముసలాయన తన ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు.

నాయనమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుంది. నాకు గట్టిగా అరవాలనిపించింది. అది మా అక్క, ఇంకా పెళ్లీడు కూడా దాటలేదు, ఎవర్నీ ఎత్తుకోలేదు నన్ను తప్ప అని చెప్పాలనిపించింది. నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం చాలా ఏళ్లు ఉంది. ఇప్పుడు అప్పటి నాన్న వయసు నేనూ దాటాను. ఆ మాటలంటున్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఇప్పుడే సరిగ్గా కనపడుతోంది. అక్కకి అబద్ధంగానైనా ఏదో ఇవ్వాలని ఆశపడుతున్న మొహం అది.

బళ్లు కదిలాయి. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. నాన్న దుప్పటి అంచు పైకి లాగి జుట్టు కప్పబోయాడు. చెయ్యి అక్కడే ఆగింది. కప్పకుండా అలాగే వదిలేశాడు. దీపాలు పెట్టే వేళ ఊళ్ల మీదుగా వెళ్తుంటే, దారి పక్కన నిలబడి చూసినవాళ్లందరూ ఎవరో ముసలావిడ నిండుగా బతికి ఇంటికి వెళ్తోందనే అనుకుని ఉంటారు.